డైరెక్ట్ చేసిన మిషను

ఉప్పుగూడ స్టేషన్ రోడ్డులో మిక్సీ బాగు చేయించుకోవాలంటే రామలింగయ్య దగ్గరికి వెళ్ళాలి, తిట్లు తినాలంటే కాశమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఇద్దరూ ఆలుమగలు, ఇద్దరిదీ ఒకటే దుకాణం కాబట్టి రెండూ ఒకే ఖర్చులో అయిపోతాయి.

రామలింగయ్య ఎవరినీ నొప్పించని మనిషి. ముప్పై ఏళ్ళుగా మిక్సీలూ గ్రైండర్లూ ఫుడ్ ప్రాసెసర్లూ విప్పి బిగిస్తున్నాడు కానీ, ఒక్క గిరాకీకి కూడా ‘కాదు’ అని చెప్పి ఎరగడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, గల్లీ అంతా ఆయన్ని అలాగే వాడుకుంది. కాశమ్మ అట్లా కాదు. మిషను బాగై వెళ్ళేముందు దాన్ని బల్ల మీద పెట్టి, తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు క్లాసు పీకేది.

“ముందు బ్లేడు, అటెన్క సామాను, అటెన్క మూత. ప్లగ్గు ఆఖరుకు. తీసేటప్పుడు ఉల్టా, ప్లగ్గు ముందుగాల. సమజైందా? గిన్నె సగానికి మించి నింపకు. ఉల్లిగడ్డ నాలుగు ముక్కలు చేసి ఎయ్యి, ఒక్క ఝట్కా ఇచ్చి ఆపు, మళ్ళ ఒక్క ఝట్కా. గుయ్యిమని తిప్పితే ముక్కలు రావు, నీళ్ళొస్తయి. పిండి పిసికేటప్పుడు పొడిపిండి ముందు, నీళ్ళు పైనున్న గొట్టంల నుంచి కొంచెం కొంచెం. ముద్ద కాంగనే బంద్ చెయ్. క్యారెట్‌ను గొట్టంల నూకనీకి కట్టెలాంటిది ఇచ్చిండ్రు సూడు, దానితోనే నూకు. నీ వేలు క్యారెట్ కాదు.”

ఆ చివరి మాట అన్నప్పుడల్లా కుడిచెయ్యి పైకెత్తి చూపేది. చూపుడు వేలికి పై కణుపు లేదు. ఇక ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఆ వేలు పోయి మూడేళ్ళయింది. ఎలా పోయిందో తెలియాలంటే డైరెక్ట్ అంటే ఏమిటో ముందు తెలియాలి. ఫుడ్ ప్రాసెసర్ మూతకు చిన్న చెవి ఒకటి ఉంటుంది. మూత సరిగ్గా తిప్పి బిగిస్తే ఆ చెవి వెళ్ళి లోపల ఉన్న చిటికెన వేలి గోరంత నల్ల స్విచ్చును నొక్కుతుంది. అప్పుడే మోటారు తిరుగుతుంది. మూత తీస్తే ఆగిపోతుంది. అంటే ఆ బుల్లి స్విచ్చు కాపలావాడన్న మాట. కానీ మన జనం మూతను బలవంతాన గుంజుతారు, చెవి విరుగుతుంది. మోటారు భేషుగ్గా ఉన్నా మిషను తిరగదు. కొత్త మూత తెప్పించాలంటే వారం పడుతుంది. వారం ఎవడు ఆగుతాడు? “అన్నా, జర డైరెక్ట్ చెయ్యి” అంటాడు. మెకానిక్కు ఆ నల్ల స్విచ్చు పీకేసి, రెండు వైర్లు కలిపి మెలిపెట్టి, టేపు చుట్టి ఇస్తాడు. రెండు నిమిషాల పని. ఇక మూత ఉన్నా తిరుగుతుంది, లేకున్నా తిరుగుతుంది. కాపలావాణ్ణి తరిమేసి, ఇల్లు భద్రంగా ఉందని నిద్రపోవడం అది.

రామలింగయ్య అలాంటివి లెక్కలేనన్ని చేశాడు. ఒకటి తన ఇంట్లోనే చేశాడు. ఎవరో బాగుకిచ్చి మళ్ళీ రాని మిషను ఒకటి ఏడాదిగా మూలన పడి ఉంటే, దాన్ని తుడిచి, డైరెక్ట్ చేసి భార్యకిచ్చాడు. “నీకు కూరగాయలు కోసే తిప్పలు తప్పుతయి కాశీ” అన్నాడు. ప్రేమతోనే ఇచ్చాడు, అందులో అబద్ధం లేదు. ఆమె కూడా మురిసిపోయింది.

ఒకరోజు పొద్దున ఉల్లిగడ్డలు తిప్పుతుంటే కరెంటు పోయింది. గిన్నె పక్కలకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఎట్లాగూ కరెంటు లేదు కదా అని మూత తీసి, వేలితో వాటిని కిందికి దులపసాగింది. మిషను ముందున్న తిప్పుడు బిళ్ళ ఆన్‌లోనే ఉందన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఎవరికి మాత్రం తడుతుంది? కరెంటు పోతే మన ఇళ్ళల్లో ఫ్యాను స్విచ్చు ఎవరైనా ఆపుతారా? వచ్చినప్పుడు దానంతట అదే తిరుగుతుంది, తిరగనీ అనుకుంటాం. ఫ్యాను తిరగడమూ కాశమ్మ అరవడమూ ఒక్కసారే జరిగాయి.

వేలి నొప్పి నెలకు తగ్గింది. కోపం తగ్గలేదు. చూడవచ్చిన ప్రతి మనిషీ అదే మాట. “జర సూసుకోవద్దా కాశమ్మా?” “బంద్ చేసి చెయ్యి పెట్టాలె గద?” వేలు పోయినందుకు కాదు, తప్పు తనదే అన్నందుకు ఆమె ఒళ్ళు మండిపోయింది. ఇంటిముందు ముగ్గు పెడదామంటే చూపుడు వేలికీ బొటనవేలికీ పట్టు కుదరక పిండి కుప్పలుగా రాలేది. రేషన్ దుకాణంలో వేలు పెడితే వేలిముద్ర మిషను ఆమెను గుర్తుపట్టలేదు. “ఇంకో వేలు పెట్టమ్మా” అన్నాడు డీలరు, వెనక నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి కట్టు విప్పిన చెయ్యి రామలింగయ్య ముందు పెట్టి, “ఇగ ఎవ్వనికీ డైరెక్ట్ చెయ్యనని ఈ వేలు పట్టుకొని చెప్పు” అంది.

రామలింగయ్య ఆ వేలు పట్టుకుని ఏడ్చాడు. తల ఊపాడు. నోరు తెరిచి మాత్రం ఏమీ అనలేదు. ఆమె ఆ తల ఊపడాన్నే ఒట్టు అనుకుంది. మర్నాడు అట్టముక్క మీద ఎర్రరంగుతో ‘ఇక్కడ డైరెక్ట్ చెయ్యబడదు’ అని తానే రాసి దుకాణం ముందు కట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి, కానీ అర్థం మాత్రం తిన్నగానే ఉంది.

* * *

ఈ ఆషాఢంలో, పాతబస్తీ బోనాలకు నాలుగు రోజుల ముందు, రుక్మిణమ్మ ఇంటి మిషను దుకాణానికి వచ్చింది. రుక్మిణమ్మది రైలు పట్టాలకు అవతల తరతరాలుగా కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న ఇల్లు. మిషను తెచ్చింది కొడుకు శ్రవణ్. మూత చెవి విరిగింది. కాశమ్మ చూసి, “కొత్త మూత తెప్పియ్యాలె. బోనాలు అయినంక రా. అందాక కత్తిపీట ఉన్నది గద” అని పంపేసింది.

శనివారం ఆమె ఫలక్‌నుమాలో చెల్లెలి ఇంటికి వెళ్ళి, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తిరిగొచ్చింది. గల్లీలో మైకు చెవులు పగిలేట్టు అమ్మవారి పాటలు వేస్తోంది, వేపమండల తోరణాలు కడుతున్నారు. దుకాణంలో అడుగుపెట్టగానే అరమీద ఖాళీ కనిపించింది.

“రుక్మిణమ్మ మిషనేది?”

“శ్రవణ్ తీస్కపోయిండు” అన్నాడు రామలింగయ్య, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరును చూసుకుంటూ.

“మూత వచ్చిందా?”

ఆమె బల్ల మీదికి చూసింది. టేపు చుట్ట పక్కన, కత్తిరించిన వైరు ముక్కల మధ్య, చిటికెన వేలి గోరంత నల్ల స్విచ్చు పడి ఉంది.

కాశమ్మ ఆ స్విచ్చును తీసి ఆయన కళ్ళ ముందు పెట్టింది.

“రెండు దినాలకే కాశీ. ముప్పై మంది సుట్టాలొస్తున్నరట. శ్రవణ్ గంతగనం అడిగిండు, ఎట్ల కాదంట?”

“నోటితోని! నోటితోని కాదంటరు! దేవుడు నోరు గందుకే ఇచ్చిండు! ఊరందరి ముందట మంచోనివి కావాలె నువ్వు. నీ మంచితనానికి ఒక వేలు ఇచ్చిన, సరిపోలేదా? ఇంకెవరి వేలు గావాలె?”

సరిగ్గా అప్పుడే మైకు ఆగింది. పాట సగంలో తెగిపోయింది. గల్లీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఎక్కడో చిన్నపిల్ల ఏడుపు వినిపించింది. దుకాణంలో ఫ్యాను మెల్లమెల్లగా నిలిచిపోతోంది.

కరెంటు పోయింది.

ఆలుమగలిద్దరూ ఆ ఫ్యానునే చూశారు. ఇద్దరికీ ఒకే ఆలోచన. ఇప్పుడు పట్టాల అవతలి వంటింట్లో ముప్పై మందికి ఉల్లిగడ్డలు తిరుగుతుంటాయి. తిరుగుతుంటే ఆగి ఉంటాయి. ఆగితే పక్కలకు అంటుకుని ఉంటాయి. అక్కడ రుక్మిణమ్మ కోడలు ఉంది, శ్రవణ్ భార్య ఆశ్రిత, పెళ్ళై ఏడాదిన్నర.

“శ్రవణ్‌కు ఫోన్ కొట్టు! ఎత్తేదాక కొడుతనే ఉండు!” అని కాశమ్మ పరుగెత్తింది.

యాభై రెండేళ్ళ మనిషి, కొత్త చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, పందిరి గుంజల మధ్య నుంచి, బోనం కుండలకు పసుపు రాస్తున్న ఆడవాళ్ళ మధ్య నుంచి పరుగెత్తింది. “ఏమైందక్కా?” అని అడిగినవాళ్ళకు జవాబివ్వలేదు. దారి పొడుగునా మొగుణ్ణి తిట్టింది, మూత విరగ్గొట్టినవాళ్ళను తిట్టింది, రెండు దినాలకే అన్న మాటను తిట్టింది. తన వేలు పోవడానికి మాత్రం ఎన్ని దినాలు పట్టింది? రెండు నిమిషాలు పట్టిందా?

రైల్వే గేటు పడి ఉంది. గేటు కింద నుంచి దూరేవాళ్ళను రోజూ తిట్టే కాశమ్మ ఆ రోజు తానూ వంగింది. అప్పుడే రైలు కూత వినిపించింది. కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. లోకల్ రైలు ఫలక్‌నుమా వైపు తీరిగ్గా, పెళ్ళికి పోతున్నట్టు పోతోంది. “పోవే, పో! నీకు గిప్పుడే దొరికిందా?” అని దాని మీద కూడా అరిచింది. పక్కన బండి మీద ఉన్నవాడు ఆమెను చూసి కొంచెం జరిగాడు. ఆమె చెవులు మాత్రం వెనక ఉన్న మైకు మీదే ఉన్నాయి. మైకు మోగితే అయిపోయినట్టే. రైలు పోయింది. గేటు లేచింది. మైకు ఇంకా మోగలేదు.

రుక్మిణమ్మ ఇంట్లో తలుపు తీసే ఉంది. వరండా నిండా చుట్టాల చెప్పులు. హాల్లో సోఫా మీద ఒక ఫోను ఎవరూ పట్టించుకోకుండా మోగుతోంది. వంటింట్లో ఆశ్రిత గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఆమె కుడిచెయ్యి గాజుల దాకా ఫుడ్ ప్రాసెసర్ గిన్నెలో ఉంది. మూత పక్కన పెట్టి ఉంది. తిప్పుడు బిళ్ళ రెండో నంబరు మీద ఉంది.

కాశమ్మ గొంతులోకి కేక వచ్చింది. అరిస్తే ఆ పిల్ల ఉలిక్కిపడి చెయ్యి బ్లేడుకేసి కొట్టుకుంటుందని మింగేసింది. ఆమె జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది అదొక్కసారే. మూడంగల్లో గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

“అయ్యో, మీరా అక్కా?” అని ఆశ్రిత తిరిగింది. చేతికి ఉల్లిగడ్డ ముక్కలు అంటుకుని ఉన్నాయి.

ఆమె ఆ చేతిని ఇంకా దులుపుకుంటూ ఉండగానే మైకు ఒక్కసారిగా గొంతెత్తింది. వంటింట్లో ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ గుర్రుమంది. మిషను ఒక్కటే, వైరు కాశమ్మ చేతిలో ఉన్నందుకు, కదలకుండా కూర్చుంది.

వెనక నుంచి రుక్మిణమ్మ గొంతు వచ్చింది. “ఏందిది కాశమ్మా! బోనం వండే వంటింట్లకు చెప్పులతోని వస్తవా? అడుగుడు లేదు, చెప్పుడు లేదు! మా ఇంటి మిషను ప్లగ్గు పీకనీకి నువ్వెవరు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“కత్తిపీటకు దురద లేదమ్మా” అంది కాశమ్మ. “తెగిన వేలుకున్నది.”

చెప్పులు విడిచి గడప అవతలికి విసిరేసింది. “జర్ర అవతలికి జరుగు బిడ్డా” అని ఆశ్రితను తన వెనక్కి లాగింది. మూత పెట్టకుండానే ప్లగ్గు మళ్ళీ గుచ్చింది. మిషను గుయ్యిమంది. తెరిచి ఉన్న గిన్నెలో బ్లేడు కనిపించనంత వేగంగా తిరిగింది, ఉల్లిగడ్డ ముక్కలు ఎగిరి గోడ మీద, పొయ్యి మీద, రుక్మిణమ్మ పట్టుచీర మీద పడ్డాయి. కాశమ్మ ప్లగ్గు పీకింది. ఆశ్రిత ఆ గిన్నెను చూసింది, తన చేతిని చూసుకుంది, ఆ చేతిని కొంగులో చుట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

“నేనే చెప్పిన, కరెంటొచ్చేలోపు పక్కలకున్నది దులుపమని” అంది రుక్మిణమ్మ చాలా మెల్లగా. మళ్ళీ ఆమెకూ కోపం వచ్చింది, ఎక్కడ పెట్టాలో తెలియని కోపం. “అయినా గిది మీ ఆయన చేసిచ్చిందే గద కాశమ్మా?”

కాశమ్మ చేతిలోని వైరును మిషనుకు చుట్టింది.

“అవునమ్మా. మా ఆయన చేసిందే.”

మిషనును గిన్నెతో సహా చంకనెత్తుకుంది. గుమ్మంలో శ్రవణ్ తెల్లబోయి నిలబడ్డాడు. “ఉల్లిగడ్డలెట్ల మరి?” అన్నాడు, ఏమనాలో తోచక.

“కత్తిపీట ఉన్నది. నీకు రెండు చేతులున్నయి, పది వేళ్ళున్నయి. కూసొని కొయ్యి. డైరెక్ట్ గావాలని నువ్వే గద అడిగినవ్?”

* * *

రామలింగయ్య దుకాణం మెట్టు మీద ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె మొహం చూసి, అడగడానికి భయపడి, ఆఖరికి అడిగాడు. “పిల్ల మంచిగున్నదా?”

ఆమె మిషనును బల్ల మీద పెట్టింది. ప్లగ్గు బోర్డుకు గుచ్చింది. గోడ స్విచ్చు ఆపి ఉంది. దాని మీద తన మొండి వేలు ఆనించింది.

“లోపట చెయ్యి పెట్టు.”

“కాశీ...”

“పెట్టు. స్విచ్చు నా దగ్గరున్నది. నేను వెయ్య. ముప్పై ఏండ్లు కాపురం చేసినవ్ నాతోని, నమ్మకం లేదా? పెట్టు!”

రామలింగయ్య చెయ్యి చాపాడు. గిన్నె అంచు దాకా వెళ్ళి చెయ్యి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకు పోలేదు.

“సూసినవా? నీకు భయమైంది. ఎందుకంటే లోపట ఏం చేసినవో నీకెరుక. గా పిల్ల మాత్రం గాజుల దాక పెట్టింది. నేను గూడ పెట్టిన. ఎందుకు పెట్టినమో ఎరుకేనా? రామలింగయ్య చేసిచ్చిన మిషను గద, మంచిగనే ఉంటదని పెట్టినం!”

ఆమె ప్లగ్గు పీకి పక్కకు జరిగింది. ఆయన స్టూలు మీద కూర్చుని, మిషనును బోర్లించి, నాలుగు స్క్రూలు తీసి, టేపు విప్పి, తాను మెలిపెట్టిన వైర్లను విడదీశాడు. పొద్దున తీసేసిన నల్ల స్విచ్చును మళ్ళీ దాని చోట్లో కూర్చోబెట్టాడు. వైర్లు అతికేటప్పుడు కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. కాశమ్మకు జాలి కలగలేదు. కలగాల్సిన అవసరం కూడా లేదు.

మూడో రోజు పొద్దున ఆటో నడిపే జగదీశ్వర్ ఒక మిషను పట్టుకుని వచ్చాడు. చాంద్రాయణగుట్ట నుంచి ఇంత దూరం వచ్చాడట, అక్కడి మెకానిక్కులు కొత్త మూత తెమ్మంటున్నారట. “ఒక్క రెండు నిమిషాల పని అన్నా. ఇంటికాడ లొల్లి పెడుతున్నరు. జర డైరెక్ట్ చెయ్యి.”

కాశమ్మ తన క్లాసు మొదలుపెట్టడానికి చెయ్యి ఎత్తబోయింది.

“చెయ్య” అన్నాడు రామలింగయ్య.

జగదీశ్వర్‌కు సరిగ్గా వినపడలేదేమో. “ఏందన్నా? నువ్వే గద మా అత్తగారింటిది చేసినవ్? ఏం ఫికర్ లేదు, మేం సూసుకుంటం. చెయ్యి అన్నా.”

“చెయ్యనంటే చెయ్య. మూత వచ్చేదాక గిది ఈడనే ఉంటది. మీ అత్తగారింటి అడ్రస్ చెప్పు, దాన్ని గూడ తెచ్చుకుంట.” అని మిషనును తీసి అరమీద పెట్టేశాడు.

జగదీశ్వర్ గొణుక్కుంటూ కాగితం మీద అడ్రసు రాసి వెళ్ళిపోయాడు. రామలింగయ్య భార్య వైపు తిరిగాడు. మెచ్చుకుంటుందని కాదు, కనీసం కోపం తగ్గి ఉంటుందేమో అని చూశాడు.

కాశమ్మ మొహం మూడేళ్ళలో ఎన్నడూ లేనంతగా ఎర్రబడి ఉంది.

“గంతేనా?” అంది. “గింత చిన్న మాటనా?”

ఎత్తబోయిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. దాన్ని ఆయన మొహం ముందు పెట్టింది.

“గా మాట నీ నోట్ల ఉన్నదని నాకు ముందుగాల చెప్పకపోతివి! ‘చెయ్య’ అనుడు నీకు గప్పుడే వస్తే, నా చెయ్యి నాకు నిండుగ ఉండేది గదయ్యా!”